జెబెల్ మోయా ఎముకలు, సి.ఆర్. రావు పేరు, సైటేషన్ల లెక్క

1946 ఆగస్టులో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ నుంచి ఇద్దరు యువకులు కేంబ్రిడ్జికి బయలుదేరారు. ఒకరు తర్వాతి కాలంలో సమాజశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న రామకృష్ణ ముఖర్జీ. రెండోవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని గణాంకశాస్త్రంలోకి వచ్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు ఇంకా నిండలేదు. అక్కడి విశ్వవిద్యాలయ మ్యూజియంలో వారికోసం ఎదురుచూస్తున్నవి సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వి తీసిన ప్రాచీన మానవుల ఎముకలు. వాటి కొలతలను పోల్చి, ఆ మనుషులకు ఇరుగుపొరుగు ప్రాంతాల జనంతో ఎంత దగ్గరితనం ఉందో తేల్చాలి. ఆ పని ఫలితం 1955లో ‘జెబెల్ మోయా ప్రాచీన నివాసులు’ అనే అర్థమిచ్చే పేరుతో పుస్తకంగా వెలువడింది. ముఖపత్రం మీద ముఖర్జీ, రావు, కేంబ్రిడ్జి మానవశాస్త్రవేత్త ట్రెవర్ అని మూడు పేర్లు ఉన్నాయి.

ఇవాళ రావు పేరు తెలియని గణాంక విద్యార్థి ఉండడు. ఆ పుస్తకం పేరు తెలిసినవారిని మాత్రం వెతికి పట్టుకోవాలి. పరిశోధకుల పేరుప్రతిష్ఠలను ఇప్పుడు సైటేషన్లతో కొలుస్తున్నాం కనుక, ఈ తేడా ఎక్కడ పుట్టిందో ఒక్కొక్క పొర విప్పి చూస్తే ఆ కొలబద్ద ఎలా పనిచేస్తుందో, ముఖ్యంగా ప్రాచీన మానవ జీవితాన్ని శోధించే రంగంలో ఎక్కడ తప్పుతుందో అర్థమవుతుంది. ఒక పేపరును తర్వాతి పరిశోధకులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్నదే సైటేషన్ లెక్క. ఆ ప్రస్తావన ఎందుకు వచ్చిందో, పేపరు వెనుక పని ఎవరిదో ఆ లెక్కకు తెలియదు.

జెబెల్ మోయా నీలి నైలుకూ తెల్ల నైలుకూ మధ్య ఉన్న గెజిరా మైదానపు దక్షిణ భాగంలోని కొండల గుంపు. మందుల వ్యాపారంలో కోట్లు గడించిన హెన్రీ వెల్కమ్ 1910 నుంచి 1914 వరకు నాలుగు సీజన్లపాటు అక్కడ తవ్వకాలు జరిపించాడు. పెద్ద గాలిపటాలకు కెమెరాలు కట్టి పైనుంచి ఫొటోలు తీయించాడు. తవ్వకాల చరిత్రలో అలాంటి ప్రయత్నాల్లో అది తొలివాటిలో ఒకటి. దాదాపు 2,800 సమాధులు బయటపడ్డాయి, వాటిలో మూడు వేలకు పైగా మనుషుల అవశేషాలు. తవ్వినవారు వేల సంఖ్యలో ఉన్న స్థానిక కూలీలు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో పని ఆగింది. ఎముకలు ఇంగ్లండ్ చేరి గోదాముల్లో చెమ్మకూ వరదనీటికీ గురై చాలావరకు పాడయ్యాయి. 1936లో వెల్కమ్ చనిపోయేనాటికి కూడా నివేదిక రాలేదు. తవ్వకాల్లో పాల్గొనని ఫ్రాంక్ ఆడిసన్ అనే వ్యక్తి మిగిలిన రికార్డుల ఆధారంగా దాన్ని రాసి 1949లో అచ్చుకు తెచ్చాడు. ఎముకల పుస్తకానికి మరో ఆరేళ్లు పట్టింది.

ఇక్కడ రచయిత ఎవరు? డబ్బు పెట్టి తవ్వించిన వెల్కమా, మట్టి తీసిన కూలీలా, సమాధి సమాధికీ రికార్డు రాసిపెట్టినవారా, రాసిన ఆడిసనా, పుర్రెను కొలిచినవారా, ఆ కొలతలకు సూత్రం కట్టినవారా? పురావస్తు రంగంలో కర్తృత్వం అనేది మొదటి నుంచీ ఇలాంటి చిక్కుముడే. కావ్యం విషయంలో రాసినవాడే కర్త. తవ్వకంలో రాత ఆఖరి మెట్టు మాత్రమే. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రూపొందించిన ప్రమాణాల ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగు షరతులూ కలిసి రావాలి: పరిశోధన రూపకల్పనలోనో సమాచార సేకరణలోనో విశ్లేషణలోనో గణనీయమైన పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, తుది ప్రతికి ఆమోదం తెలపాలి, మొత్తం పనికి జవాబుదారీ వహించాలి. వైద్యం కోసం పుట్టిన ఈ నియమాలు ఇతర శాస్త్రాల్లోకీ పాకాయి. వీటి ప్రకారం గడ్డపార పట్టినవాడు ఎన్ని సీజన్లు పనిచేసినా రచయిత కాడు. నియమం తప్పని నేను అనను, కాని ఆ నియమం వల్ల లెక్కలో నుంచి ఎవరు జారిపోతున్నారో తెలిసి ఉండాలి.

కేంబ్రిడ్జిలో రావు చేసిన పని ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. రెండు జనసమూహాల పుర్రెలు మన ముందు ఉన్నాయనుకోండి. సగటున ఒక గుంపు పుర్రెలు రెండో గుంపు వాటికన్నా పొడవులో 10 మిల్లీమీటర్లు, వెడల్పులో 6 మిల్లీమీటర్లు పెద్దవి. ఈ రెండు తేడాలనూ నేరుగా కూడితే తప్పు జరుగుతుంది, ఎందుకంటే పొడవైన పుర్రె సాధారణంగా వెడల్పుగా కూడా ఉంటుంది. పరిమాణంలో ఉన్న ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది. పైగా ఒకే గుంపులో మనిషికీ మనిషికీ ఎక్కువగా మారే కొలతకూ, అంతగా మారని కొలతకూ ఒకే విలువ ఇవ్వకూడదు. ఈ రెండు చిక్కులనూ సరిచేసి, కొలతల మధ్య ఉన్న సంబంధాన్ని తీసివేసి, మిగిలిన అసలు దూరాన్ని చెప్పే సూత్రాన్ని భారతీయ గణాంక సంస్థ వ్యవస్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో స్థిరపరిచారు. అదే డి-స్క్వేర్, మహలనోబిస్ దూరం. రావు ఈ సూత్రంతో కేంబ్రిడ్జి వెళ్లి, పగలు ఎముకల లెక్కలు చేస్తూనే గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేట్ పొందారు. ఆయన సిద్ధాంత గ్రంథం విషయమే జీవశాస్త్ర వర్గీకరణలోని గణాంక సమస్యలు. రెండు వర్గాలను వేరుచేయడానికి ఫిషర్ ఇచ్చిన పద్ధతిని ఎన్ని వర్గాలకైనా వర్తించేలా విస్తరించిన రావు పేపరు కూడా 1948 నాటిదే. ఇవాళ మెషీన్ లెర్నింగ్ పాఠాల్లో లీనియర్ డిస్క్రిమినెంట్ ఎనాలిసిస్ అని చెప్పే దానికి ఒక వేరు అక్కడ ఉంది.

అంటే ఎముకల దగ్గర సాగిన ఆలోచన రెండు పాయలుగా చీలింది. పద్ధతి గణాంకశాస్త్రంలోకి వెళ్లి వేల పేపర్లలో ప్రస్తావనకు వచ్చింది. ఎముకల గురించి చెప్పిన మాట మాత్రం సూడాన్ పురావస్తు పరిశోధకుల చిన్న బృందానికే మిగిలింది. పద్ధతిని చెప్పే పేపరుకు సైటేషన్లు ఎక్కువ రావడం అన్ని రంగాల్లో కనిపించేదే, ఎందుకంటే పద్ధతి అందరికీ పనికొస్తుంది. ఫలానా కొండ మీద ఫలానా కాలంలో బతికిన మనుషుల సంగతి ఆ కొండను చదివేవారికే కావాలి. సైటేషన్ల సంఖ్య తక్కువగా ఉండటం చాలా సందర్భాల్లో చదివే జనం తక్కువని చెబుతుందే తప్ప పని చిన్నదని చెప్పదు.

పేర్ల సంగతికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ముఖర్జీ, రావు, ట్రెవర్ అన్న వరుస ఇంగ్లీషు అక్షరక్రమానికి చక్కగా సరిపోతుంది. కనుక ముఖర్జీ పని ఎక్కువ, రావు పని తక్కువ అని ఆ వరుసను బట్టి చెప్పడానికి వీల్లేదు. గణితంలో, అర్థశాస్త్రంలో ఇప్పటికీ అక్షరక్రమమే వాడుక. జీవశాస్త్రాల్లో అలా కాదు: మొదటి పేరు ప్రధానంగా పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. ఒకే తెరమీద ఈ రెండు సంప్రదాయాల పేపర్లూ కనిపిస్తున్నప్పుడు వరుసకు అర్థం చెప్పడం ప్రమాదకరం. పైగా ముగ్గురు రచయితలు ఉన్న రచనను ప్రస్తావించేటప్పుడు చాలా పత్రికల్లో మొదటి పేరు మాత్రమే రాసి ‘తదితరులు’ అని వదిలేస్తారు. ఆ లెక్కన జెబెల్ మోయా పుస్తకం ‘ముఖర్జీ తదితరులు, 1955’ అవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు మేటి గణాంకవేత్తల్లో ఒకరు ఆ ‘తదితరుల్లో’ కలిసిపోయారు.

ఇక ‘రావు’ అన్న మాటనే తీసుకుంటే, మన పేర్ల అమరికకూ, ఏ పేపరును ఎవరు ప్రస్తావించారో చూపే సైటేషన్ సూచికల అమరికకూ ఎప్పుడూ పొసగలేదు. కల్యంపూడి ఇంటిపేరు, రాధాకృష్ణ పెట్టినపేరు, చివర రావు. ఎనిమిదో సంతానం కావడం వల్ల కృష్ణుడి పేరు పెట్టారని చెబుతారు. పాశ్చాత్య సూచికలు చివరి మాటనే కుటుంబనామంగా తీసుకుని మిగతాదాన్ని పొడి అక్షరాలుగా కుదిస్తాయి. కాబట్టి మన సంప్రదాయం ప్రకారం మనిషిని గుర్తుపట్టే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలి, లక్షల మందికి ఉమ్మడిగా ఉన్న రావు, రెడ్డి, శాస్త్రి అన్నవి కుటుంబనామాలై కూర్చుంటాయి. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి దగ్గర కలం ఆగిన ప్రతి తెలుగువారికీ ఈ ఇబ్బంది తెలుసు. క్రామెర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అన్న గణాంక సిద్ధాంతాల పేర్లలో నిలిచింది కూడా రావే, కల్యంపూడి కాదు. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు రావుల పేపర్లు ఒకరి ఖాతాలో పడటం, ఒకే మనిషి పేపర్లు రెండు మూడు రూపాల కింద చీలిపోవడం ఇప్పటికీ జరుగుతుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును విప్పడానికే పుట్టింది. కాని దాన్ని తీసుకోనివారి పాత పనికి అది అక్కరకు రాదు.

పేరు నిలిచినా సైటేషన్ రాని స్థితి మరొకటి ఉంది. 1945లో రావు కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రచురించిన పేపరులోనే పైన చెప్పిన రెండు ఫలితాలూ ఉన్నాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ పేపర్లలో క్రామెర్-రావు హద్దు అని రాసేవారిలో ఆ 1945 పేపరును ఆధారాల జాబితాలో చేర్చేవారు కొద్దిమందే. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన సంగతికి మూలం చూపాల్సిన అవసరం ఎవరికీ తోచదు. ఒక ఆలోచన అందరి జ్ఞానంలో కలిసిపోవడం వల్లనే దాని మూలం చెరిగిపోవడాన్ని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించి దానికొక పేరు కూడా పెట్టాడు. గొప్ప విజయానికి సూచికలో పడే అంకె ఇలా సున్నాకు దగ్గరగా ఉండవచ్చు.

అసలు ఈ సూచిక ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని పరిమితి కూడా తెలుస్తుంది. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో, అంటే జెబెల్ మోయా పుస్తకం వచ్చిన ఏడాదే, విజ్ఞానశాస్త్రానికి సైటేషన్ సూచిక కావాలని ప్రతిపాదించాడు. 1964లో ఆయన సంస్థ దాన్ని అచ్చువేసింది. ఒక పాత పేపరు చేతిలో ఉంటే దాన్ని తర్వాత ఎవరు వాడుకున్నారో వెతుక్కోవడానికి అది సాధనం. మనుషులకు మార్కులు వేయడం కోసం మొదలైంది కాదు. ఆయనకు నమూనాగా నిలిచింది అమెరికా వకీళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచి వాడుతున్న షెపర్డ్స్ అనే తీర్పుల సూచిక. అందులో ఒక పాత తీర్పును తర్వాతి కోర్టు అనుసరించిందా, పక్కనపెట్టిందా, కొట్టేసిందా అన్నది పక్కనే గుర్తుతో ఉంటుంది. కొట్టేసిన తీర్పును చూపించి వాదిస్తే కేసు పోతుంది కదా. విజ్ఞానశాస్త్ర సూచికలోకి వచ్చేసరికి ఆ గుర్తు రాలిపోయింది. ఒప్పుకున్న ప్రస్తావన ఒకటే, ఖండించిన ప్రస్తావన ఒకటే.

ఇది ఎంత తేడా తెస్తుందో జ్వాలాపురం చెబుతుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలో, బనగానపల్లె ప్రాంతంలోని జుర్రేరు లోయలో ఉన్న ఈ ఊరి దగ్గర, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరివచ్చిన బూడిద కొన్నిచోట్ల మీటర్ల మందాన పేరుకుని ఉంది. శుభ్రపరిచే పొడుల తయారీకి ఆ బూడిదను జనం తవ్వి అమ్ముకుంటూ ఉండగా తెగిన గోడల్లోనే పొరలు స్పష్టంగా కనిపించాయి. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్ నాయకత్వంలోని బృందం బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయనీ, వాటి తయారీలో పెద్ద మార్పు లేదనీ 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. కింది పొర కాలం 77,000 ఏళ్లు, అటూఇటూ 6,000. పై పొర 74,000, అటూఇటూ 7,000. అంత పెద్ద విస్ఫోటనాన్ని తట్టుకుని అక్కడి మనుషులు బతికారనీ, వారు ఆధునిక మానవులే అయి ఉండవచ్చనీ వాదన. ఆ పొరల్లో మానవ ఎముక ఒక్కటీ దొరకలేదు, ఉన్నవి రాళ్లే. 2013లో పాల్ మెల్లర్స్ బృందం జన్యు ఆధారాలనూ రాతి పనిముట్లనూ చూపి, ఆధునిక మానవులు భారతదేశానికి వచ్చింది టోబా తర్వాత చాలాకాలానికేనని ఎదురువాదం ప్రచురించింది. ఖండన రాసినవారు 2007 పేపరును ప్రస్తావించక తప్పదు, సమర్థించినవారూ తప్పదు. జ్వాలాపురం పేపరు సైటేషన్ల సంఖ్యలో ఈ రెండు రకాలూ కలిసి ఉన్నాయి. ఆ సంఖ్యను చూసి ఇది నిజమని తేలిందనుకోవడం ఎంత పొరపాటో, తేలని పేపరుకు అంత గౌరవమా అనడమూ అంతే పొరపాటు. వివాదాన్ని రేపి కొత్త తవ్వకాలకు దారితీయడం ఈ రంగంలో నిజమైన సేవే.

కొలతల్లో వాడుకలో ఉన్నవి రెండు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు సంబంధించినది: 2022, 2023 సంవత్సరాల్లో ఆ పత్రిక వేసిన వ్యాసాలకు 2024లో వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వస్తుంది. రెండేళ్ల కిటికీ అన్నమాట. 1914లో ఆగిన తవ్వకానికి 1949లో నివేదిక వచ్చే రంగానికి ఈ కిటికీ ఏపాటిది? హెచ్-ఇండెక్స్ మనిషికి సంబంధించినది, 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించాడు. ఒకరి అయిదు పేపర్లకు వరసగా 40, 12, 5, 4, 1 సైటేషన్లు ఉంటే, కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు ఉన్నాయి కనుక హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపరుకు 40 బదులు 4,000 ఉన్నా అది 4గానే ఉంటుంది. జీవితమంతా ఒకే స్థలాన్ని తవ్వి ఒక్క మహా నివేదిక రాసినవారికి ఈ లెక్కలో వచ్చేది 1. తాను తెచ్చిన కొలత చెడు ఫలితాలకు దారితీసిందని హిర్ష్ స్వయంగా 2020లో విచారం వెలిబుచ్చాడు.

ఈ అంకెలు మన విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలుగా, పదోన్నతులుగా మారే చోట లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఇద్దరు కలిసి రాసిన పేపరుకు ఒక్కొక్కరికీ పూర్తి విలువలో 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలిన ప్రతి ఒక్కరికీ 30 శాతం. పూర్తి విలువ 40 పాయింట్లు అనుకుంటే, ఒక్కరే రాసినప్పుడు పంపిణీ అయ్యేది 40. ఇద్దరు రాస్తే 28 చొప్పున 56. పద్నాలుగు మంది రాస్తే ఒకరికి 28, పదముగ్గురికి 12 చొప్పున, మొత్తం 184. అదే పేపరు, అదే పని. పేర్లు పెరిగేకొద్దీ విలువ పెరుగుతూ పోతుంది. చేయి కలపనివారి పేరును కలుపుకుపోవడానికి ఇంతకన్నా మర్యాదైన ఆహ్వానం ఉంటుందా?

పాత ఎముకల నుంచి డిఎన్ఎ తీయడం మొదలయ్యాక పేర్ల జాబితాలు నిజంగానే పెరిగాయి, అందుకు న్యాయమైన కారణమూ ఉంది. 2009లో హైదరాబాదులోని సిసిఎంబి శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతీయ జనసమూహాల జన్యు చరిత్ర మీద ప్రచురించిన పేపరుకు రచయితలు అయిదుగురు. అందులో పరీక్షించినది ఇప్పటి మనుషుల నమూనాలను. 2019 సెప్టెంబరులో దక్షిణ, మధ్య ఆసియాల గురించి ‘సైన్స్’లో వచ్చిన పేపరు 523 మంది ప్రాచీనుల డిఎన్ఎ మీద ఆధారపడింది, దానికి రచయితలు వంద మందికి పైగా. ఒక్కో ఎముక ఒక్కో దేశంలో ఒక్కో పురావస్తు పరిశోధకుడి జీవితకాలపు తవ్వకం నుంచి వచ్చింది. అదే నెలలో హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీ గురించి వెలువడిన పేపరులో అరవైకి పైగా నమూనాలను పరీక్షిస్తే చదవగలిగినంత డిఎన్ఎ ఇచ్చింది ఒకే ఒక్క వ్యక్తి ఎముక. ఆ మిగతావాటిని తవ్వి, శుభ్రం చేసి, పంపినవారి పని వృథా అయినట్టా? కర్తృత్వాన్ని పద్నాలుగు రకాల పాత్రలుగా విడదీసి ఎవరు ఏది చేశారో పేపరు చివర చెప్పే ‘క్రెడిట్’ పద్ధతి ఇందుకు కొంత ఉపయోగపడుతుంది. అయితే సైటేషన్లు లెక్కపెట్టే యంత్రం ఆ చివరి పేరాను చదవదు.

జెబెల్ మోయా ఎముకల దగ్గరికి శాస్త్రం 2007లో మళ్లీ వెళ్లింది. జోయెల్ ఐరిష్, లైల్ కోనిగ్స్‌బర్గ్ అక్కడివారి పళ్ల ఆకృతిని పరిశీలించి, 1955 పుస్తకం పేరునే తమ పేపరు శీర్షికలో మళ్లీ చెప్పి, ఆ జనానికీ ఇతర ఆఫ్రికా జనాలకూ మధ్య దూరాన్ని కొత్తగా కొలిచారు. వారు వాడిన కొలతల్లో ఒకటి మహలనోబిస్ దూరానికే సవరించిన రూపం. యాభై రెండేళ్ల తర్వాత వచ్చిన ఆ సైటేషన్‌ను ఏ ఇంపాక్ట్ ఫ్యాక్టరూ లెక్కలోకి తీసుకోలేదు. 2017 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీ, ఖార్టూమ్ విశ్వవిద్యాలయం, సూడాన్ పురావస్తు శాఖ కలిసి ఆ కొండల్లో తిరిగి తవ్వడం మొదలుపెట్టాయి. ఈసారి ప్రచురణల మీద సూడాన్ పరిశోధకుల పేర్లు కూడా ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో దేశంలో అంతర్యుద్ధం చెలరేగింది. 2024 జూన్‌లో సైన్యంతో పోరాడుతున్న పారామిలటరీ ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ దళాలు జెబెల్ మోయాను పట్టుకున్నాయి, అక్టోబరులో సైన్యం తిరిగి స్వాధీనం చేసుకుంది.